పైపు మీద ఉన్నవాడికి చెప్పకూడదు

యాసెన్యె,
మార్చి, ఈస్టర్ ముందరి ఉపవాసాల్లో

మాందా అక్కకు,

రేపు పొద్దున జ్వోంకో వ్యాను జర్మనీకి బయల్దేరుతోంది. ఎర్ర మిరప పచ్చడి సీసాలు నీకు, పొగబెట్టిన మాంసం మా ఆయన వింకోకి. ఉపవాసాల్లో మాంసమేమిటని అడక్కు. పైపు పని చేసేవాళ్ళకి దేవుడు మినహాయింపు ఇచ్చాడని అత్తమ్మ అంది. దేవుడు ఆవిడతో ఎప్పుడు మాట్లాడాడో నాకు తెలియదు.

ఫోన్ చెయ్యవేమే అని నువ్వు తిడతావు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే నా గొంతు పూడుకుపోతుంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నావుగా. పైగా ఈ ఇంట్లో గోడలు మరీ పలచన. నేను హలో అంటే పక్క గదిలోంచి అత్తమ్మ జవాబు చెబుతుంది. ఎనిమిదో తరగతితో చదువు మానేసినా రాయడం మాత్రం మర్చిపోలేదు. కాగితం మీద నాకు సిగ్గు లేదు.

ఒక మాట చెప్పాలి. నాకు నాలుగో నెల. సెప్టెంబరులో అన్నారు. వింకోకి ఫోన్‌లో అత్తమ్మే చెప్పింది, నేను పక్కన నిలబడి తలూపాను. తలూపితే అతనికి కనిపించదని తర్వాత గుర్తొచ్చింది.

నువ్వు వండే బసలోనే అతను ఉండటం నాకు ధైర్యం. వింకో అన్నం ముందు కూర్చుని ఆలోచనలో పడితే తినడు. నువ్వే గిన్నె ముందుకు జరపాలి. ఈ ఏడాది పని పెద్దదట. గ్యాసు కాదు, హైడ్రోజన్ అట. సముద్రం దగ్గర మొదలై దేశమంతా వెళ్ళే పైపులట. ఊళ్ళో అందరూ అదే మాట. ఇంటికో వెల్డరున్న ఊరికి ఇంకో పదేళ్ళు కూడు దొరికినట్టేనని అత్తమ్మ చర్చి మెట్ల మీద నిలబడి మరీ చెబుతోంది. మామగారు సైబీరియా దాకా పైపులకు అతుకులు వేసిన మనిషి, ఆ చెయ్యే వింకోకి వచ్చిందని ఆవిడ గర్వం.

అతని చెయ్యి ఎలా ఉందో చూసి రాయి.

నీ యాగొద

*

లింగెన్ దగ్గర, కార్మికుల బస,
మార్చి చివర

ఒసేయ్ యాగొదా,

నాలుగో నెల దాకా దాచావా! నేను నీ అక్కనా, పంచాయతీ ఆఫీసునా? చదవగానే ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. బరువులెత్తకు. మీ అత్తమ్మ నూతి దగ్గరికి పంపితే నడుం పట్టేసిందని చెప్పు. అబద్ధమాడటం నీకు రాదు, ఇప్పుడైనా నేర్చుకో.

మచ్చిక చేసుకున్న పిల్లిలా నీ మొగుడు రోజూ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి "వదినా, కాఫీ ఉందా" అంటాడు. తింటున్నాడు. నేను నిలబడి తినిపిస్తున్నాను. పొద్దున అందరితో పాటే బూట్లు తొడుక్కుని వెళ్తాడు, సాయంత్రం అందరికన్నా ఎక్కువ బురదతో వస్తాడు. ఇక్కడ నేలంతా చిత్తడి. గడ్డపార దించితే చాలు, నీళ్ళు ఊరతాయి.

పని గురించి నన్నడక్కు. నాకు చారులో ఉప్పు తెలుసు, ఇనుము సంగతి ఏం తెలుసు? భోజనాల దగ్గర వినపడేది రాస్తున్నాను. సముద్రంలో గాలిమరలు తిరుగుతాయట, ఆ కరెంటుతో నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీస్తారట, అది ఇక్కడి నుంచి ఉక్కు ఫ్యాక్టరీలకు వెళ్ళాలట. కొంత దూరం పాత గ్యాసు పైపులనే శుభ్రం చేసి వాడుకుంటారు, లేనిచోట కొత్తవి వేస్తారు. ఈ వాయువు మహా దొంగదట. గట్టిబడిన ఇనుములోకి దూరి పెళుసు చేసేస్తుందట. అందుకని అతుకు మెత్తగా ఉండాలట. ఇనుమును వెచ్చగా ఉంచి, నెమ్మదిగా వెయ్యాలట. మన యాసెన్యె వాళ్ళ సంగతి తెలుసుగా, పైనుంచి కిందికి చెయ్యి ఒక్క ఊపున లాగేస్తారు. "నిదానంగా చెయ్యడానికి మేమేం అల్లికలు అల్లుతున్నామా" అని మన పక్కింటి స్తీపా రోజూ గొణుగుడే. వెల్డర్లందరికీ మళ్ళీ పరీక్ష పెట్టారు.

వింకో బాగున్నాడు. ఆ చెయ్యి బాగుంది. నువ్వు నీ కడుపు చూసుకో.

మాందా

*

యాసెన్యె,
ఏప్రిల్, ఈస్టర్ వెళ్ళాక

అక్కా,

బిడ్డ లేదు.

ఈస్టర్ తర్వాతి మంగళవారం పోయింది. పొద్దున ఉల్లిపొట్టుతో రంగేసిన గుడ్లు మిగిలితే ఒలిచి సలాడ్‌లో కలుపుతున్నాను. నడుం నొప్పి అన్నాను. అత్తమ్మ నమ్మలేదు. నువ్వు నేర్పిన అబద్ధమే కదా అది, నేను వాడేసరికి మాత్రం నిజమైంది. తర్వాత జ్వోంకో తన వ్యానులో పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. రెండ్రోజులు ఉంచుకుని పంపేశారు. అందరూ మంచిగానే చూసుకున్నారు.

ఇంటికొచ్చి ఆ గుడ్ల సలాడ్ పారబోశాను. గిన్నె కడిగాను. కోళ్ళకు నూకలు వేశాను. ఏడుస్తానేమోనని అత్తమ్మ నా వెనకే తిరిగింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. చెయ్యి కాలితే మంట తెలియాలి కదా, మొన్న పొయ్యి మీద పెనం పట్టుకుంటే వేళ్ళు బొబ్బలెక్కాక చూసుకున్నాను.

వింకోకి చెప్పవద్దు. ఇది అత్తమ్మ మాట, ఊరి మాట కూడా. పైపు మీద ఉన్నవాడికి చెడు కబురు చెప్పకూడదు. నీకు తెలుసుగా, పాత రోజుల్లో మాతిషా తాతకి తల్లి పోయిందని తంతి వెళ్ళింది, మర్నాడు అతను వేసిన అతుకు పరీక్షలో పగిలింది, ఇద్దరికి దెబ్బలు తగిలాయి. అప్పటి నుంచి మన ఊరి ఆడవాళ్ళు పని సాగినన్నాళ్ళు నోరు కట్టుకుంటారు. చావులు కూడా మగాళ్ళు ఇంటికొచ్చాకే వింటారు. "ఇది మామూలు గ్యాసు కూడా కాదే. వాడి చెయ్యి ఒక్క వెంట్రుకంత వణికినా ఎవరి ప్రాణం మీదికొస్తుందో. పని ముగిసేదాకా నువ్వు గర్భిణివే" అంది అత్తమ్మ.

సరేనన్నాను. నీకు మాత్రం చెబుతున్నానని ఆవిడకి తెలియదు.

అతని మొహంలోకి చూసినప్పుడు నీ మొహంలో కనపడనివ్వకు.

యాగొద

*

బస,
మే మొదట్లో

చెల్లీ,

నీ ఉత్తరం నా చేతికిస్తూ జ్వోంకో తల దించుకున్నాడు. నాకు అప్పుడే అర్థమైంది.

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. వచ్చేద్దామంటే ఇక్కడ నూట ఇరవై మందికి వంట, నాకు తోడు ఒక్క పోలండ్ ముసలావిడ. నీ పక్కన పడుకోవాలని ఉంది, చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే పడుకున్నట్టు.

చెప్పను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పను.

యాగొదా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మీ అత్తమ్మ మాట అంత గట్టిగా పట్టుకోవాలా? అతను అడిగినప్పుడల్లా నేను పొయ్యి వైపు తిరుగుతున్నాను.

తిను. వేళ్ళకి వెన్న రాయకు, చల్లటి నీళ్ళు పోసుకో.

మాందా

*

యాసెన్యె,
జూన్

అక్కా,

పట్టుకోవాలా అని అడిగావు. వేరే పట్టుకునేదేముంది నాకు?

వింకో వారానికో ఉత్తరం రాస్తున్నాడు. నేను చదివి వినిపిస్తే అత్తమ్మ కళ్ళు మూసుకుని వింటుంది. "ఈ రోజు రెండు అతుకులు వేశాను, మూడోది వర్షం వల్ల ఆపాం. డేరా వేసి లోపల వేడి పెట్టి చేస్తున్నాం. ఈ ఇనుము మాట వినాలంటే బుజ్జగించాలి" అని రాస్తాడు. ఆవిడకి కన్నీళ్ళొస్తాయి. నేను కాగితం మడిచి డబ్బాలో పెడతాను. జవాబు రాస్తాను. కాళ్ళు కొంచెం వాచాయి, పుల్లటివి తినాలనిపిస్తోంది, అని. అవి అత్తమ్మ చెప్పినవి. ఆవిడ వింకోని మోసినప్పటివి.

ఫోటో పంపమన్నాడు. వద్దంటే అనుమానిస్తాడని అత్తమ్మ దిండు తెచ్చింది. సోఫా మీది చిన్న దిండు, కోడిపుంజు బొమ్మ కుట్టినది. "బొమ్మ లోపలికి తిప్పవే, గౌనులోంచి కనిపిస్తుంది" అంది. తిప్పి కట్టుకున్నాను. రేగు చెట్టు పక్కన నిలబడ్డాను. "చెయ్యి మీద పెట్టు. అలా కాదు, కింద ఆనించి. ఆ, అలా. నవ్వు." నవ్వాను. ఫోటోలో అచ్చం నిజంలా ఉంది. చూసి అత్తమ్మ లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను దిండు విప్పి సోఫా మీద పెట్టాను, బొమ్మ పైకి.

ఊళ్ళో ఎవరైనా తప్పుపడతారేమో అనుకున్నాను. ఎవరూ పట్టలేదు. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. రొట్టెల కొట్టు దగ్గర స్తీపా పెళ్ళాం మార్గితా నా చెయ్యి నొక్కి "మనవాళ్ళు తిరిగొచ్చేదాకే" అంది. ఆవిడ తమ్ముడు ఫిబ్రవరిలో పోయాడు, స్తీపాకి ఇంకా తెలియదు.

మొన్న ఊరి హాల్లో మీటింగ్ పెట్టారు. పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మన మొక్కజొన్న చేల కింద పాత గ్యాసు పైపు ఉంది చూడు, దాన్ని కూడా ఎప్పటికో హైడ్రోజన్‌కి మారుస్తారట. హంగేరీ వైపు ఒక చివర, సముద్రం వైపు ఒక చివర, అన్ని దేశాల పైపులూ ఒకదానికొకటి కలుస్తాయట. గోడ మీద పటం వేసి చూపించింది. గీతలు అరచేతిలో గీతల్లా ఉన్నాయి. ముసలి మాతిషా లేచి "అమ్మాయ్, అది పేలితే మా ఊరు ఎటు ఎగురుతుంది, హంగేరీ వైపా, సముద్రం వైపా?" అన్నాడు. అందరూ నవ్వారు. "పేలకుండా చేసేది మీ పిల్లలే కదా తాతా" అంది ఆవిడ. అత్తమ్మ తల ఎత్తి అందరివైపూ చూసింది. "మా వింకో అక్కడ అదే చేస్తున్నాడు" అంది గట్టిగా.

అప్పుడు అత్తమ్మ చూపు నా పొట్ట మీద పడింది. వెంటనే పక్కకు తిప్పుకుంది.

యాగొద

*

బస,
జులై

చెల్లీ,

ఫోటో చేరింది.

మంచం పైన గోడకి అంటించాడు. టర్కీ వాళ్ళకి చూపించాడు, పోలండ్ ముసలావిడకి చూపించాడు, పాలు తెచ్చే జర్మన్ కుర్రాడిని ఆపి మరీ చూపించాడు. "పొట్ట కిందికి ఉంది, అబ్బాయే" అని ముసలావిడ చెబితే ఆవిడకి చాక్లెట్ కొనిచ్చాడు. నా వంట మాడిపోయింది. నూట ఇరవై మంది మాడిన బీన్సు చారు తిన్నారు. "ఏం వదినా, ప్రేమలో పడ్డావా" అని వేళాకోళం చేశారు. వింకో కూడా చేశాడు.

మొన్న ఆదివారం గుమ్మం దగ్గర కూర్చుని "వదినా, పిల్లాడు పుట్టాక నాన్న ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు. "వెల్డరని చెప్పు" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక్కడ పని అనుకున్న దానికంటే మెల్లగా సాగుతోంది. కందకంలో నీళ్ళు ఆగవు. పంపులు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడుకి నా చెవులు అలవాటుపడ్డాయి, ఆగితేనే ఉలిక్కిపడి లేస్తున్నాను.

ఇంకేం రాయను. రాస్తే ఆగను.

మాందా

*

యాసెన్యె,
ఆగస్టు, మరియమ్మ పండుగ మర్నాడు

అక్కా,

నిన్న అత్తమ్మా నేనూ గుడికి నడిచి వెళ్ళాం. అందరూ చెప్పులు విడిచి నడిచారు. కంకరరాళ్ళ మీద నా పాదాలు కోసుకున్నాయట, ఇంటికొచ్చాక మార్గితా చూసి చెప్పింది.

దారిలో అత్తమ్మ మిగతాదంతా ఖాయం చేసి పెట్టింది. నెలలు నిండుతున్నాయి, అతను అడుగుతున్నాడు. చిట్టచివరి అతుకులు, అటు నుంచి వచ్చే పైపునీ ఇటు నుంచి వచ్చే పైపునీ కలిపేవి, సెప్టెంబరు ఆఖర్లోనట. మంచి చెయ్యి ఉన్నవాళ్ళకే ఇస్తారట, నీళ్ళు నింపి పరీక్షించడానికి వీలులేని అతుకులట. వింకోకి ఇస్తారని ఆవిడ నమ్మకం. "అవి అయ్యేదాకా నొప్పులు ఆలస్యమవుతున్నాయని చెబుదాం. అయిన రోజు చెబుదాం, పుట్టింది, దక్కలేదు అని. అప్పుడైతే వాడికి తేలిక. అందరికీ జరిగేదే అనుకుంటాడు" అంది.

నేను నడుస్తూనే ఉన్నాను. ఇంకొంచెం దూరం వెళ్ళాక ఒకటి తోచింది. ఆ బిడ్డ రెండోసారి చావాలి, మళ్ళీ నేనే చంపాలి, తారీఖు మేమే పెట్టాలి.

నా లోపల ఏదీ కదలలేదు అక్కా. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా కదలడం లేదు. ఊరికే రాస్తున్నాను, పాల లెక్క రాసినట్టు. కానీ అది మాత్రం నా వల్ల కాదు. ఇంతవరకు ఆవిడ చెప్పమన్నవన్నీ చెప్పాను, దిండు కట్టుకోమంటే కట్టుకున్నాను. ఇది చెయ్యలేను. ముందే చెప్పేస్తే, అతని చెయ్యి వణికితే, ఎవరికైనా ఏమైనా అయితే, అది కూడా నేనే మొయ్యాలి.

నువ్వు అక్కడే ఉన్నావు. అడిగి చెప్పు. అతని ఆఖరి అతుకు ఎప్పుడు? ఇంకా ముందుకు జరిగే వీలుందా? ఒక్కరోజు ముందైనా ఇది నామీంచి దిగుతుందా?

యాగొద

*

బస,
ఆగస్టు ఆఖరి వారం

యాగొదా,

కూర్చుని చదువు. మీ అత్తమ్మ ముందు చదవకు.

వింకోకి ఆఖరి అతుకు లేదు. మొదటి అతుకు కూడా లేదు. మార్చిలో పరీక్ష పెట్టారని రాశానే, అందులో తప్పాడు. రెండు వారాలు ఆగి మళ్ళీ పెట్టారు, మళ్ళీ తప్పాడు. అతుకు చూడటానికి అద్దంలా ఉందట. కోసి, దాని మీద వజ్రపు మొనతో నొక్కి చూశారట. గట్టిగా ఉంది, ఈ వాయువుకి పనికిరాదు అన్నారు. వాళ్ళ నాన్న నేర్పిన వేగమే వాడిని ముంచింది. ఇనుము బాగా వేడెక్కే లోపలే ముందుకు దూకుతాడు. ఇక ఈ ఏడాది మళ్ళీ పెట్టరట. ఇంటికి పొమ్మంటే పోలేక, కందకాల్లో నీళ్ళు తోడే పంపుల దగ్గర కాపలా పనికి కుదిరాడు. అప్పటి నుంచీ అదే పని. బురద అందుకే.

నీకు రాసిన ఉత్తరాల్లోని అతుకులన్నీ స్తీపా వేసినవి. భోజనాల దగ్గర స్తీపా చెబుతుంటే విని రాసేవాడు.

నాకు మొదటి నుంచీ తెలుసు. రెండోసారి తప్పిన రోజే వంటింట్లోకొచ్చి, సిలువ మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. "యాగొద కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నదానికి చెడు కబురు చెప్పకూడదు వదినా. పురుడయ్యాక నేనే చెబుతాను" అన్నాడు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అప్పటికే నా నోటికి ఒక తాళం ఉంది, నువ్వు రెండోది వేశావు. లేని వెల్డరు కోసం నువ్వు, లేని గర్భిణి కోసం అతను. మధ్యలో నేను చారు వండాను.

మే నెలలోనే చెప్పాల్సింది. చెబితే నీకు ఇంకో దెబ్బ అనుకున్నాను. అది దయ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే భయం.

ఒట్టు తీసేశాను. దేవుడితో నేను చూసుకుంటాను. అతనికి మాత్రం ఏమీ చెప్పలేదు. అది నీ మాట, నీ నోటితోనే వెళ్ళాలి.

తిట్టాలనుకుంటే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

మాందా

*

యాసెన్యె,
సెప్టెంబరు చివర

అక్కా,

తిట్టను. తిట్టడానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం కోళ్ళగూడు దగ్గర చదివాను. మడిచి గౌను జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాను. అత్తమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఒలిచాను.

"అత్తమ్మా, వింకో పైపు మీద లేడు."

"ఏం, సెలవా?"

"మార్చి నుంచీ లేడు. పరీక్ష తప్పాడు. నీళ్ళు తోడుతున్నాడు."

ఆవిడ చేతులు ఆగలేదు. గింజలు తొక్కల్లో పడుతున్నాయి, తొక్కలు గింజల్లో పడుతున్నాయి.

"ఎవరన్నారు?"

"అక్క."

"మీ అక్క అబద్ధాలకోరు."

"అవును. ఇది మాత్రం నిజం."

ఒలుస్తూనే, "మరి ఆ చేతి కోసం మనం ఎన్నాళ్ళు నోరు కట్టుకున్నామే?" అంది. నన్ను అడిగినట్టు లేదు. లేచి వెళ్ళి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. తను పెరట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈ ఇంటికొచ్చాక ఆవిడ నా కోసం తలుపు వెయ్యడం అదే మొదలు.

వింకో గొంతు వినగానే నా గొంతు పూడుకుపోయింది. వెనక పంపుల చప్పుడు వినిపించింది. "అమ్మా? యాగొదా? ఎవరు?" అన్నాడు. "వింకో, ఇంటికి రా" అన్నాను. "నొప్పులా?" అన్నాడు. "వస్తున్నా, వస్తున్నా, పడుకో నువ్వు" అని పెట్టేశాడు. మళ్ళీ చెయ్యడానికి నాకు శక్తి చాలలేదు. అంత దారీ అతను అలాగే అనుకుంటూ వచ్చాడు. అది నా తప్పే.

మర్నాడు సాయంత్రం జ్వోంకో వ్యాను గేటు ముందు ఆగింది. జ్వోంకో దిగలేదు, ఇంజను కూడా ఆపలేదు. వింకో బురద బూట్లతోనే దూకాడు. నేను పలచటి గౌనులో గేటు దగ్గరే నిలబడ్డాను, అతను ముందుగా చూడాలని. చూశాడు.

"అయిపోయిందా? పుట్టేసిందా? ఆస్పత్రిలో ఒక్కడినే వదిలేసి నువ్వెందుకొచ్చావ్?"

"ఎవరూ లేరు వింకో."

"లేరంటే?"

"బిడ్డ లేదు."

గేటు పట్టుకున్నాడు. "ఎప్పుడు?"

"ఏప్రిల్‌లో."

"ఏప్రిల్..." అతను లెక్కపెట్టుకుంటున్నాడు. "ఫోటో?"

"దిండు."

అతని నోట్లోంచి నవ్వులాంటిది వచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం గేటుకి చెరో వైపు నిలబడి అలా నవ్వాం, మార్గితా కిటికీలోంచి చూసి తెర వేసేసింది.

"నేను వెల్డింగ్ చెయ్యడం లేదు" అన్నాడు నేల వైపు చూస్తూ.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నిన్నటి నుంచి."

"నీకు చెబితే..."

"నీకు చెబితే" అన్నాను నేను కూడా. ఆ మాట ఇద్దరమూ పూర్తి చెయ్యలేదు.

అతను బురద బూట్లతోనే వచ్చినా అత్తమ్మ లోపలికి రానిచ్చింది. గిన్నె ముందుకు జరిపింది. తినడం అయ్యాక అతను లేచి సారాకొట్టుకి వెళ్ళాడు. తాగడానికనుకున్నాను. వెంటనే తిరిగొచ్చాడు. ఏం చేశాడో తర్వాత జ్వోంకో చెప్పాడు. గుమ్మంలోనే నిలబడి "నేను హైడ్రోజన్ పరీక్ష రెండుసార్లు తప్పాను, నీళ్ళు తోడుతున్నాను" అన్నాడట. ఎవరూ నవ్వలేదట. సెలవు మీద వచ్చిన ఇద్దరు మూలనుంచి "నేనూ" అన్నారట. ఒకడు హాలండ్‌లో ఇసుక మోస్తున్నాడు, ఇంకొకడు కాపలా. ఇంటికో వెల్డరున్న ఊళ్ళో ఎంతమంది పెళ్ళాలు ఎవరి చెయ్యి కోసం నోరు కట్టుకున్నారో.

ఆ తర్వాత పెరటి బల్ల మీద కూర్చున్నాం. వింకో మెల్లగా అడిగాడు.

"పాపా, బాబా?"

నాకు తెలియదు అక్కా. ఆస్పత్రిలో ఏవో అడిగారు, నేను తలూపాను. ఏదో కాగితం మీద సంతకం పెట్టాను. ఎక్కడ పెడతారని అడగలేదు. ఎవరని అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే అతనికి చెప్పకుండా ఉండలేను అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో గుర్తులేదు.

"నేను అడగలేదు" అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. "పద, అడుగుదాం" అన్నాడు.

సోమవారం పట్నం వెళ్ళాం. కిటికీ వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మా ముందు నలుగురు. మా వంతు వచ్చేసరికి వింకో నోరు తెరిచాడు, మాట రాలేదు. వెనక ఒకాయన "కానివ్వండమ్మా" అన్నాడు. నేను ముందుకు జరిగాను.

"ఏప్రిల్‌లో మా బిడ్డ పోయింది. ఈస్టర్ తర్వాతి మంగళవారం. ఎవరో, ఎక్కడ ఉందో మేం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం."

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. వెనక ఉన్నాయన టోపీ తీశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా పేరు అడిగింది. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. వచ్చి కిటికీ లోంచి మాట్లాడలేదు, పక్క తలుపు తీసుకుని బయటికే వచ్చింది. పట్నం స్మశానంలో ఉత్తరపు గోడ పక్కన ఇలాంటి పిల్లలందరికీ కలిపి ఒక చోటు ఉందట. మే నెలలో ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి పెట్టారట. అక్కడ పేర్లుండవు గాని తను ఎప్పుడైనా వెళ్ళి గడ్డి చూసి వస్తానంది.

తర్వాత నా మోచెయ్యి పట్టుకుని రెండోది చెప్పింది.

నడుచుకుంటూ వెళ్ళాం. గోడ పక్కన పచ్చగడ్డి, ఇంకేం లేదు. వింకో గడ్డి మీద చెయ్యి ఆనించాడు. నేను నిలబడే ఉన్నాను. అప్పుడు నాకు పాదాల్లో మొదలైంది. తిమ్మిరెక్కిన కాలు వదిలేటప్పుడు సూదులు గుచ్చుకుంటాయి చూడు, అలా పైకి, పైకి. నొప్పి. అంత నొప్పి ఏప్రిల్‌లో కూడా లేదు. అరిచాను. స్మశానం కాపలావాడు పరిగెత్తుకొచ్చి, చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే అత్తమ్మకి నేనే చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

అమ్మాయి, అక్కా. మనకు అమ్మాయి.

యాగొద